వచ్చింది పుస్తకం

ఆ కంపెనీ దర్జీ దుకాణం పైగదిలో మొదలైంది. పద్నాలుగు మెట్లెక్కితే తలుపు. లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు ఇనప అర, అరలో పదహారు మోడెములు. వాటి తీగలన్నీ ఒక కట్టగా కిటికీలోంచి దిగి, కింద దర్జీ కిటికీలోంచి లోపలికి పోయి, అతని కుర్చీ వెనకున్న టెలిఫోను పెట్టెలో కలిసేవి. ఆ కట్ట అడ్డం వల్ల దర్జీ కిటికీ రెక్క పూర్తిగా పడేది కాదు. నాలుగు వేళ్ళ సందు మిగిలింది.

"ఒక్క వారం ఓర్చుకో" అన్నాడు కంపెనీ పెట్టినాయన.

దర్జీ ఇరవై రెండేళ్ళు ఓర్చుకున్నాడు.

కంపెనీ పెట్టినాయన్ని అందరూ ఇంజనీరు అనేవారు. ఆయన ఇంజనీరింగు చదవలేదు. రేడియోలు బాగుచేసేవాడు. ఎవరో ఎగతాళికి అన్న మాట అలాగే అతుక్కుపోయింది. స్తంభాలెక్కడానికి ఒక మనిషిని పెట్టుకున్నాడు. అతని ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. పేరు నిచ్చెన అయింది. ఫోను ఎత్తేది ఇంజనీరు భార్య. నిచ్చెన ఆమెను వదినా అని పిలిచేవాడు. అతను వెళ్ళిన ఇళ్ళవాళ్ళు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టారు. బోర్డు మీద కంపెనీకి వేరే పేరుంది. ఊళ్ళో మాత్రం "వదిన ఇంటర్నెట్" అనేవారు.

ఆమె ఎత్తే ఫోను నంబరు కంపెనీది కాదు. పెళ్లయిన ఏడాదికి ఇంట్లో పెట్టించుకున్న నంబరు. కంపెనీకి వేరే నంబరు దొరికేలోపు దాన్నే వాడదామని తెచ్చి బల్ల మీద పెట్టారు. అది అక్కడే ఉండిపోయింది.

మొదటి ఏడాది ఐదో నెలలో ఒక పొరపాటు జరిగింది. ఒంటరిగా ఉండే ఒక టీచరమ్మ ఇంట్లో లైను పోతే నిచ్చెన వెళ్ళి తీగ మార్చాడు. ఇంటర్నెట్ డబ్బా మీద పచ్చ లైటు వెలిగింది. వచ్చేశాడు. మర్నాడు టీచరమ్మ రెండు కిలోమీటర్లు నడిచొచ్చి మెట్లెక్కింది. తలుపు దగ్గర నిలబడి ఊపిరి తీసుకుంది.

"లైటు వెలిగింది నాయనా. మా చెల్లెలి ఉత్తరం మాత్రం రాలేదు. ఆపరేషన్ అయ్యాక రాస్తానంది. రాత్రంతా ఆ లైటునే చూస్తూ కూర్చున్నాను."

నిచ్చెన తల దించుకున్నాడు. వదిన ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, కంపెనీ కంప్యూటరులోనే ఉత్తరం తెరిపించింది. చెల్లెలు బాగానే ఉంది. టీచరమ్మ అది రెండుసార్లు చదువుకుని, "వచ్చింది" అంది.

ఆ మధ్యాహ్నమే వదిన రెండు వందల పేజీల నోటుపుస్తకం కొనుక్కొచ్చి నిలువు గీతలు కొట్టింది. తేదీ, ఇల్లు, సమస్య, ఏం తెరిచారు. ఆ పక్కన ఒక సన్నటి గడి. బాగుచేయడానికి వెళ్ళిన మనిషి లైటు చూసి వచ్చేయకూడదు. ఇంటివాళ్ళు తమకు కావలసింది తమ చేత్తో తెరిచి, నోటితో "వచ్చింది" అనేదాకా అక్కడే కూర్చోవాలి. తిరిగొచ్చి ఆ మాట సన్నటి గడిలో రాయాలి.

"అనకపోతే?" అన్నాడు నిచ్చెన.

"అనేదాకా కూర్చో."

"కొంతమంది మామూలుగానే నోరు విప్పరు వదినా."

"నువ్వు కదలకుండా కూర్చుంటే వాళ్ళే విప్పుతారు."

ఆ పుస్తకానికి వచ్చింది పుస్తకం అన్న పేరు దానంతటదే వచ్చింది. నాలుగో గడి చూస్తే ఊళ్ళో ఎవరు దేనికోసం ఎదురుచూస్తున్నారో తెలిసేది. పరీక్ష ఫలితాలు. రైలు టిక్కెట్టు. మనవరాలి ఫొటో. ఒకాయన పేరు దగ్గర పదకొండుసార్లు "చదరంగం" అని ఉంది.

తొమ్మిదో ఏడు వచ్చేసరికి కనెక్షన్లు మూడు వేల నూట నలభై. పనివాళ్ళు పంతొమ్మిది మంది. పుస్తకాలు ముప్పై ఒకటి. దర్జీ దుకాణం పైనే ఇంకో అంతస్తు వేశారు. ఇంజనీరు చేత ఒక సభలో మాట్లాడించారు. ఆయన అక్కణ్ణుంచి తిరిగొస్తూ ఒక మెషీను తెచ్చాడు. ఎవరైనా ఫోను చేస్తే అదే ఎత్తి, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది. వదినకు పై అంతస్తులో అద్దాల గది ఇచ్చాడు. ఆ గదిలో ఫోను లేదు.

"ఇన్నేళ్ళు కష్టపడ్డావు. ఇక హాయిగా కూర్చో" అన్నాడు. ఆ మాట మనసారానే అన్నాడు.

ఆమె ఆ గదిలో నాలుగు నెలలు కూర్చుంది. తర్వాత రావడం తగ్గించింది. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు రోజుకు పన్నెండు ఇళ్ళు తిరగాలన్న లెక్క పెట్టారు. పన్నెండు ఇళ్ళు తిరిగేవాడు ఏ ఇంట్లోనూ కూర్చోలేడు. ముప్పై నాలుగో పుస్తకం సగంలో ఆగిపోయింది.

కంపెనీ పడిపోవడం ఆ మెషీను వల్లే అని ఇంజనీరు తర్వాత అంటూ వచ్చాడు. అది పూర్తిగా నిజం కాదు. ఇంటర్నెట్ అందరి జేబుల్లోకి వచ్చేసింది. ఆ తర్వాత పెద్ద కంపెనీ వచ్చింది. వీధి వీధీ తవ్వి ఫైబరు వేసింది. ఆ వేగం ముందు ఇంజనీరు తీగలు నిలబడలేదు. అయితే జనం వెళ్ళేటప్పుడు ఒక్కరు కూడా పైకొచ్చి చెప్పి వెళ్ళలేదు. మెషీనుకు చెప్పి వెళ్ళారు. అదొక్కటే మెషీను వల్ల జరిగింది.

ఇరవై రెండో ఏడు వచ్చేసరికి నాలుగు వందల పన్నెండు మిగిలారు. పై అంతస్తు ఖాళీ చేశారు. మెషీను ఒక రోజు దానంతటదే ఆగిపోయింది. బాగుచేయించడం దండగ అనుకున్నారు. వదిన మళ్ళీ పాత బల్ల దగ్గరకు వచ్చింది. ఆగిన పేజీ దగ్గరే పుస్తకం తెరిచింది. పంతొమ్మిది మందిలో మిగిలింది నిచ్చెన ఒక్కడే.

పెద్ద కంపెనీ మేనేజరు ఆ ఏడు చివర్లో వచ్చాడు. మర్యాద తెలిసిన మనిషి. నాలుగు వందల పన్నెండు మందినీ తమ ఫైబరు మీదికి మార్చుకుంటామన్నాడు. ఎవరికీ ఒక్క రోజు కూడా లైను ఆగదన్నాడు. ఇంజనీరు కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు చదివాడు. ఆ ముందు రోజే వదిన ఒక్క మాట అడిగింది.

"ఏమైనా ఇచ్చేయండి. ఆ నంబరు మాత్రం ఉంచండి. అది మనింటి నంబరు."

"అలాగే" అన్నాడు.

కాగితాల్లో ఏడో పేజీలో నంబరు గురించి ఒక్క లైనుంది. తొంభై రోజుల తర్వాత అది పెద్ద కంపెనీ సహాయ కేంద్రానికి కలుస్తుంది. మేనేజరు వేలు పెట్టి చూపించాడు. "జనానికి నోటికొచ్చిన నంబరు కదండీ. అది లేకపోతే పైవాళ్ళు ఒప్పుకోరు." ఇంజనీరు మెట్ల వైపు చూశాడు. వదిన టీ పెట్టడానికి ఇంటికెళ్ళింది. ఆమె వచ్చేసరికి సంతకం అయిపోయింది.

ఆమె అరవలేదు. టీ గ్లాసుల ట్రే బల్ల మీద పెట్టింది. మేనేజరుకిచ్చింది, నిచ్చెనకిచ్చింది. భర్త గ్లాసు ట్రేలోనే వదిలేసి వెళ్ళి కూర్చుంది. ఆ తర్వాత ఆయనతో అవసరమైన మాటలే మాట్లాడింది. అవి రోజుకు ఏడెనిమిది ఉండేవి.

నిచ్చెనకు మూడు నెలల జీతం ఇచ్చి పంపించారు. ఇంజనీరుకు ఒక పని మిగిలింది. స్తంభాల మీద పాత తీగలు విప్పి చుట్టచుట్టడం. అరవై ఏళ్ళ మనిషి, రోజూ పొద్దున్నే చిన్న వెదురు నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరేవాడు. చివరికి దర్జీ కిటికీలోని కట్ట కూడా లాగేశాడు. దర్జీ లేచి కిటికీ మూశాడు. అది పూర్తిగా పడింది. మర్నాడు అతను పైకొచ్చాడు.

"ఊపిరాడట్లేదయ్యా. ఇరవై రెండేళ్ళు తిట్టుకున్నాను ఆ సందుని. ఇప్పుడు అది లేకపోతే కుట్టుమెషీను ముందు కూర్చోలేకపోతున్నాను."

"కిటికీ తెరుచుకోవచ్చుగా?"

"తెరిస్తే దుమ్ము. ఆ సందే సరిగ్గా సరిపోయేది."

ఇంజనీరు పాత తీగల కట్టలోంచి ఒక ముక్క కోసి ఇచ్చాడు. దర్జీ దాన్ని కిటికీ అంచు మీద పెట్టి, దాని మీదికి రెక్క వాల్చుకున్నాడు.

ఈ తొంభై రోజుల్లో వదిన చేయాల్సింది ఒక్కటే. ఎవరైనా ఫోను చేస్తే, ఇప్పుడు లైను పెద్ద కంపెనీది, వాళ్ళ నంబరు ఇది, రాసుకోండి అని చెప్పాలి. మొదటి రోజు అలాగే చెప్పింది. రెండో రోజు టీచరమ్మ ఫోను చేసింది. ఆమెకు అప్పటికి ఎనభై నాలుగు.

"అమ్మాయ్, నేను బతికే ఉన్నానని ఈ కంప్యూటరు డబ్బా నమ్మడం లేదు."

"ఏమైంది టీచరుగారూ?"

"పెన్షను వాళ్ళు ఏడాదికోసారి ముఖం చూపించమంటారు. కెమెరాలో చూసి కళ్ళు ఆర్పాలిట. ఆర్పుతున్నాను. మళ్ళీ ఆర్పమంటోంది. పొద్దుటినుంచీ ఆర్పుతూనే ఉన్నాను. ఇంకాసేపు ఇలాగే ఉంటే అది నమ్మిందే నిజమయ్యేట్టుంది."

వదిన పెద్ద కంపెనీ నంబరున్న కాగితం చేతిలోకి తీసుకుంది. మళ్ళీ కింద పెట్టింది. నిచ్చెనకు ఫోను చేసింది. అతను వెళ్ళాడు. కుర్చీని కిటికీకి ఎదురుగా తిప్పాడు. కళ్ళజోడు తీయమన్నాడు. మూడోసారికి డబ్బా నమ్మింది. టీచరమ్మ తెర మీది మాట గట్టిగా చదివి, "వచ్చింది" అంది. నిచ్చెన మెట్లెక్కి వచ్చి పుస్తకంలో రాశాడు. రాశాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"వదినా, అది మన లైను కాదు కదా."

"కాదు."

"మరి?"

"ఫోను మోగింది కదయ్యా."

"నిజమే" అన్నాడు నిచ్చెన. "నేనూ మూడు నెలల జీతం తీసేసుకున్నాను. ఊరికే కూర్చుంటే ఇంట్లో మా ఆవిడ ఫ్యాను తుడవమంటోంది. ఎత్తున్నావు కదా అని."

ఇంజనీరుకు ఇది నలభై ఒకటో రోజున తెలిసింది. ఆయన ఒక స్తంభం మీదున్నాడు. కింద ఒక ఇంటి ముందు నిచ్చెన స్కూటరు కనిపించింది. ఆ ఇంటి తీగ ముందు రోజే తన చేత్తో విప్పాడు. గంటన్నర స్తంభం దగ్గరే నిలబడ్డాడు. స్కూటరు కదల్లేదు. ఆయన వెళ్ళి కిటికీలోంచి చూశాడు. నిచ్చెన కుర్చీలో కూర్చున్నాడు. పక్కన ఒక పెద్దాయన ఒక్క వేలితో ఏదో కొడుతున్నాడు. నిచ్చెన చెయ్యి కదపడం లేదు. చూస్తూ ఉన్నాడు.

ఇంజనీరు ఆఫీసుకొచ్చి పుస్తకం తెరిచాడు. నిలబడే చదివాడు. కాసేపటికి కుర్చీ లాక్కున్నాడు.

"వాళ్ళ పని మనం చేస్తున్నామా? ఊరికే?"

"చేస్తున్నాం."

"మన కొంప ముంచినవాళ్ళకి?"

"టీచరుగారు ఎవరి కొంపా ముంచలేదు" అంది వదిన. నలభై రోజుల్లో ఆమె ఆయనతో అన్న మాటల్లో అదే పొడుగైనది.

సంతకం తర్వాత రాసిన వరుసలు ఆయన వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. తొంభై నాలుగు ఇళ్ళు. లైను పాడైనవి పదకొండు. మిగతా ఎనభై మూడూ లైనువి కావు. పాస్‌వర్డు మర్చిపోయారు. డబ్బాను బీరువా వెనక పెట్టారు. ఆసుపత్రిలో పేరు నమోదు చేసుకోవడం రాలేదు. ఒకావిడకు అక్క ముఖం తెర మీద తలకిందులుగా వస్తోంది. ఇరవై రెండేళ్ళు ఆయన లైను అమ్మానని అనుకున్నాడు. స్తంభం నుంచి గోడదాకా తన పని, గోడ లోపల వాళ్ళ పని అనుకున్నాడు. జనం ఫోను చేసింది గోడ లోపలి సంగతులకి. ఆ సంగతి నాలుగో గడిలో మొదటి పుస్తకం నుంచీ రాసే ఉంది. ఆయన ఆ పుస్తకాలు ఎప్పుడూ చదవలేదు.

మర్నాడు పొద్దున ఆయన తీగలు విప్పడానికి వెళ్ళలేదు. నిచ్చెన వెనక స్కూటరెక్కాడు. మొదటి ఇంట్లో పది నిమిషాలకే, "ఇలా ఇవ్వండమ్మా, నేను చేసేస్తా" అని చెయ్యి చాపాడు. నిచ్చెన ఆ చెయ్యి మెల్లగా పట్టుకుని కిందికి దించాడు.

"మనం ముట్టుకోకూడదు అన్నా. వాళ్ళే తెరవాలి. వదిన రూలు."

"ఎప్పటినుంచి?"

"నువ్వు సభల్లో మాట్లాడకముందునుంచి."

అరవై ఆరో రోజున పెద్ద కంపెనీ మేనేజరు మెట్లెక్కి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఒక్క విషయం అడగాలండీ. ఈ చుట్టుపక్కల ఆరు వీధుల నుంచి మాకు ఫిర్యాదులు రావడం లేదు."

"మంచిదే కదా" అన్నాడు ఇంజనీరు.

"మంచిది కాదండీ. ఊరంతా వస్తున్నాయి. ఇక్కణ్ణుంచే రావడం లేదు. ఫిర్యాదులు తీసుకునే వ్యవస్థ పాడైందనుకుని పైనుంచి ఇద్దర్ని పంపారు. వాళ్ళు వారం రోజులు వెతికారు. ఏమీ దొరకలేదు. చివరికి ఒకింటికెళ్ళి అడిగితే, మేం వదినకు చెప్పుకుంటాం అన్నారు. ఎవరండీ వదిన?"

నిచ్చెన పైకప్పు వైపు చూశాడు. వదిన పుస్తకం మేనేజరు ముందుకు తోసింది.

మేనేజరు అప్పుడు కూర్చున్నాడు. మొదటి పేజీ నుంచి చదివాడు. మధ్యలో ఒకసారి నవ్వాడు. "తలకిందులుగా అక్క" అన్నాడు తనలో తను. ఇరవై నిమిషాల తర్వాత పుస్తకం మూసి, దాని అట్ట మీద చెయ్యి పెట్టాడు.

"మా అమ్మ ఇంకో ఊళ్ళో ఉంటుంది" అన్నాడు. "మా కంపెనీ లైనే. నేనే పెట్టించాను. ఏదైనా ఆగితే మా సహాయ కేంద్రానికి చేస్తుంది. ఒకటి నొక్కుతుంది, రెండు నొక్కుతుంది. తర్వాత నాకు చేస్తుంది. నేను మీటింగులో ఉంటాను."

మేనేజరు పుస్తకం వదిన వైపు జరిపాడు.

"ఈ పని మీరు మా తరఫున చేస్తారా? ఊరంతా?"

ఇంజనీరు భార్య వైపు చూశాడు. ఈసారి ఆమె ఎదురుగానే ఉంది. "నన్ను కాదు, ఆవిణ్ణి అడగండి" అన్నాడు.

"మీ తరఫున అయితే మీ లైను ఉన్నవాళ్ళకే చేయమంటారు" అంది వదిన. "ఫోను చేసినవాళ్ళని మీది ఏ లైను అని మేం అడగం. ఎవరిదైనా వెళ్తాం. అందుకు ఒప్పుకుంటే చేస్తాం."

మేనేజరు తల గోక్కున్నాడు. అడిగి చూస్తానన్నాడు. లేవబోతుంటే ఇంజనీరు ఆపాడు.

"దానికి ముందు ఇంకొకటి. ఏడో పేజీలో నంబరు."

"సంతకం అయిపోయింది కదండీ."

"అయింది. అడగాల్సిన మనిషిని అడక్కుండా పెట్టాను. తప్పు నాది, మీది కాదు. ఆ నంబరు లేకపోతే మిగతాది ఏదీ వద్దు."

వదిన తల ఎత్తి ఆయన్ని చూసింది. ఆ సాయంత్రం టీ పెట్టినప్పుడు ఆయన గ్లాసు ట్రేలోంచి తీసి ఆయన చేతికిచ్చింది.

మేనేజరు రాశాడు. పైవాళ్ళు పనికి ఒప్పుకున్నారు. ఎవరి లైనైనా అన్నదానికి కొంత గొణిగి ఒప్పుకున్నారు. నంబరు విషయం ఇంకో ఆఫీసుదన్నారు. ఆ ఆఫీసు జవాబివ్వలేదు. ఎనభై తొమ్మిదో రోజున మేనేజరు ఫోను చేశాడు.

"రేపు పొద్దున పది గంటలకు నంబరు మారేట్టు ముందే పెట్టేశారు. రద్దు చేయమని నాలుగుసార్లు రాశాను. చేశారో లేదో నాకూ తెలీదండీ. పది దాటాక మీరే ఒకసారి చేసి చూడండి."

తొంభయ్యో రోజు. వీధిలో నిచ్చెన, పెయింటరు కొత్త బోర్డు బిగించారు. పేరు వేశారు. పేరు కింద రెండు మాటలు: "వచ్చిందనేదాకా కూర్చుంటాం." ఆ కింద నంబరుకు చోటు వదిలారు. పెయింటరు బ్రష్షు పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. తొమ్మిదిన్నరకు దర్జీ బయటికొచ్చి నిలబడ్డాడు. టీచరమ్మ ఆటోలో వచ్చింది. మెట్లెక్కలేనంటే దర్జీ తన కుర్చీ తెచ్చి వేశాడు.

పైన వదిన బల్ల ముందు కూర్చుంది. పుస్తకం తెరిచి ఉంది. ఆమె ఫోను వైపు చూడలేదు. గోడ మీద పదహారు మోడెములున్న చోట ఇనప అర మరకలు మిగిలాయి. వాటిని చూస్తూ కూర్చుంది. ఈ గదిలో ఆ ఫోను ఎన్నిసార్లు ఎత్తిందో ఆమె లెక్కపెట్టలేదు. ఎత్తిన ప్రతిసారీ అవతల ఎవరో ఒకరు ఉన్నారు. అది చాలనుకుంది.

పది గంటల మూడు నిమిషాలకు ఇంజనీరు కింద వీధిలో జేబులోంచి ఫోను తీశాడు. మెషీను ఎత్తితే కూడా నిలబడే వినాలనుకున్నాడు. నంబరు కొట్టాడు. చెవికి పెట్టుకున్నాడు.

పైగది కిటికీలోంచి వీధిలో ఉన్న ఐదుగురికీ ఒకేసారి వినిపించింది. పైన ఫోను మోగుతోంది.

రెండోసారి మోగగానే ఆమె ఎత్తింది. "చెప్పండి" అంది.

ఇరవై రెండేళ్ళలో ఆ నంబరుకు ఆయన ఫోను చేయడం అదే మొదటిసారి.

"వచ్చింది" అన్నాడు.

"ఎవరిల్లు?"

"మనదే."

"ఉండండి, రాసుకోనీ" అంది. కలం తీయడం, కాగితం మీద అది కదలడం ఆయనకు వినిపించాయి.

కిందనుంచి నిచ్చెన అరిచాడు. "వదినా, నంబరు వేయమంటారా?"

"వేయమను" అంది కిటికీలోంచి.

ఇంజనీరు పద్నాలుగు మెట్లూ ఎక్కి పైకొచ్చేసరికి ఆమె రెండో ఫోను మాట్లాడుతోంది. ఎవరిదో డబ్బా మీద ఎర్రలైటు. ఆయన పుస్తకం తన వైపు తిప్పుకుని చదివాడు. తేదీ ఉంది. ఇల్లు: మాది. సమస్య: అడక్కుండా సంతకం. ఏం తెరిచారు: నోరు. సన్నటి గడిలో, మిగతా అన్ని వరుసల్లో ఉన్నట్టే, వచ్చింది.

ఆయన పుస్తకం మళ్ళీ ఆమె వైపు తిప్పాడు. ఆమె చీటీ మీద చిరునామా రాసి చాపింది. ఆయన తీసుకుని, నిచ్చెనను పిలవకుండా, తనే స్కూటరు తాళం అందుకున్నాడు.

"చెయ్యి పెట్టకండి" అంది ఆమె ఫోనుకు అడ్డంగా అరచెయ్యి పెట్టి. "వాళ్ళే తెరవాలి."

"తెలుసు" అన్నాడాయన. "కూర్చుంటాను."